ఎడమ చెవిలో యాంకర్, కుడి చెవిలో సరంగు: స్టీరియో ఆడియోను రెండు మోనో ట్రాకులుగా విడదీయడం ఎలా

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర బోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. వలలు బాగు చేసుకుంటూ కూర్చున్నవాళ్లకు మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. ఇంటర్వ్యూ చేయాలంటే అంతకన్నా మంచి సమయం దొరకదు. మీరూ వెళ్లారనుకుందాం. యాంకర్ చొక్కాకి ఒక కాలర్ మైక్, బోటు నడిపే సరంగు చొక్కాకి ఇంకొకటి పెట్టారు. రెండు మైకులూ ఒకే రిసీవర్‌కి కలిశాయి. రిసీవర్ నుంచి ఒకే వైరు కెమెరాలోకి వెళ్లింది. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే యాంకర్ గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తోంది, సరంగు గొంతు కుడి చెవిలోనే.

ఏదో పాడైపోయిందని టెన్షన్ పడకండి. మైకులు చేయాల్సిన పనే చేశాయి. స్టీరియో ఫైల్ అంటే లోపల రెండు చానెళ్లు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. చాలా వైర్‌లెస్ సెట్లు స్టీరియో మోడ్‌లో ఉన్నప్పుడు మొదటి మైక్‌ను ఎడమకీ, రెండోదాన్ని కుడికీ పంపిస్తాయి. అంటే ఇద్దరి గొంతులూ ఒకే ఫైల్‌లో, కానీ ఒకదానికొకటి అంటుకోకుండా రికార్డయ్యాయి. వాటిని టైమ్‌లైన్ మీద రెండు ట్రాకులుగా విడదీసుకుంటే యాంకర్ గొంతు ముట్టుకోకుండా సరంగు గొంతు పెంచొచ్చు, ఒకరు దగ్గితే రెండోవాళ్ల మాట పోకుండా ఆ దగ్గు తీసేయొచ్చు. రెండు మైకుల్నీ ముందే కలిపేసే మెర్జ్ మోడ్‌లో రికార్డ్ చేసి ఉంటే ఈ అవకాశమే ఉండేది కాదు.

ముందు వినండి, తర్వాతే మెనూలు

చాలామంది నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిచి బటన్లు వెతకడం మొదలుపెడతారు. ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో చెవి విడిగా వినండి, శబ్దాన్ని గీతలుగా చూపించే వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూడండి. మీ చేతిలో ఉన్నది ఏ రకం ఆడియోనో తెలియకుండా విడదీస్తే పని రెట్టింపవుతుంది.

వేవ్‌ఫామ్‌లో రెండు చానెళ్ల గీతలు వేర్వేరుగా ఉండి, ఒకటి లేచినప్పుడు ఇంకొకటి పడుకుని ఉంటే అవి రెండు మైకులు. విడదీయాల్సింది ఇదే. టీవీ బైట్లు తీసే పెద్ద కెమెరాల్లో కూడా సాధారణంగా ఇలాగే ఉంటుంది: ఒక చానెల్‌లో చేతి మైక్, ఇంకోదాంట్లో కెమెరా మీది మైక్.

ఒక గీత నిండుగా, రెండోది పూర్తిగా ఖాళీగా ఉంటే మోనో మైక్‌ను స్టీరియో జాక్‌లో పెట్టారన్నమాట. ఇక్కడ విడదీసి ఖాళీదాన్ని పారేయడమే పని. దీన్ని మామూలుగా మోనోకి మార్చేయడం మాత్రం వద్దు. ఎడమ, కుడి కలిపి సగటు తీసే పద్ధతిలో గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఖాళీ చానెల్‌లోని హిస్ (సన్నని బుస) కూడా వచ్చి కలుస్తుంది.

రెండు గీతలూ అచ్చం ఒకేలా ఉండి, ఒకటి మాత్రం కాస్త చిన్నగా ఉంటే అది సేఫ్టీ ట్రాక్ అయి ఉండొచ్చు. ఒకే మైక్‌ను రెండుసార్లు, రెండోసారి తక్కువ స్థాయిలో రికార్డ్ చేసే ఏర్పాటు అది. మనిషి ఒక్కసారిగా గట్టిగా అరిచినప్పుడు మొదటి చానెల్ పగిలినా రెండోది బతుకుతుంది. దీన్నీ విడదీయండి, కానీ రెండూ కలిపి వాడకండి. మామూలుగా మొదటిది, పగిలిన చోట మాత్రం రెండోది కాస్త పెంచి.

రెండు గీతలూ అన్ని విధాలా సమానంగా ఉంటే విడదీసినా ఏమీ రాదు. రిసీవర్ ఇద్దరి గొంతుల్నీ ముందే కలిపేసింది. ఎడమ చానెల్‌లో ఇద్దరూ ఉంటారు, కుడి చానెల్‌లోనూ ఇద్దరూ ఉంటారు. అనుమానముంటే ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రెండు చానెళ్లు విడదీసి, ఒకదానికి గీతను తలకిందులు చేసే ఇన్వర్ట్ ఎఫెక్ట్ పెట్టి కలిపి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే.

ప్రీమియర్ ప్రోలో

ఇక్కడ క్రమం ముఖ్యం: క్లిప్‌ను టైమ్‌లైన్ మీదికి లాగకముందే చానెల్స్ మార్చాలి.

ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఆ ఇంటర్వ్యూ క్లిప్పులన్నీ ఒకేసారి ఎంచుకోండి. రైట్ క్లిక్ చేసి మాడిఫై, అందులో ఆడియో చానెల్స్ నొక్కండి. కీబోర్డ్‌లో షిఫ్ట్, జీ కలిపి నొక్కినా అదే విండో వస్తుంది. క్లిప్ చానెల్ ఫార్మాట్ దగ్గర స్టీరియో తీసి మోనో పెట్టండి. నంబర్ ఆఫ్ ఆడియో క్లిప్స్ దగ్గర 2 వేయండి. కింద చిన్న గడుల పట్టిక కనిపిస్తుంది. మొదటి ఆడియో క్లిప్‌కి ఎడమ, రెండోదానికి కుడి టిక్ అయి ఉన్నాయో లేదో చూసి ఓకే చేయండి. ఇప్పుడు క్లిప్‌ను టైమ్‌లైన్ మీదికి లాగితే వీడియో కింద రెండు ఆడియో ట్రాకులు వస్తాయి. ఒకదాంట్లో యాంకర్, ఇంకోదాంట్లో సరంగు. రెండు గొంతులూ రెండు చెవుల్లో సమానంగా, మధ్యలోంచి వినిపిస్తాయి.

స్థాయి కాస్త తగ్గినట్టు అనిపిస్తే కంగారు పడకండి. మోనో ధ్వనిని రెండు స్పీకర్లకూ పంచేటప్పుడు పాన్ లా అనే లెక్క ప్రకారం దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. క్లిప్ గెయిన్, అంటే ఆ క్లిప్ ధ్వని స్థాయి, పెంచుకుంటే సరిపోతుంది.

మరి సగం ఎడిటింగ్ అయిపోయాక ఈ సంగతి గుర్తొస్తే? నిజ జీవితంలో ఎక్కువగా జరిగేది ఇదే. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో మార్చినా, టైమ్‌లైన్ మీద ఇప్పటికే పడి ఉన్న ముక్కలు పాత పద్ధతిలోనే ఉంటాయి. వాటన్నిటినీ తీసేసి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. టైమ్‌లైన్ మీది ఆడియో ముక్కలన్నీ ఎంచుకుని, ఆల్ట్ పట్టుకుని కింది ఖాళీ ట్రాక్‌లోకి లాగండి, కాపీలు పడతాయి. మ్యాక్‌లో ఆల్ట్ బదులు ఆప్షన్ కీ. ఇప్పుడు పై ట్రాక్‌లోని ముక్క మీద రైట్ క్లిక్ చేసి ఆడియో చానెల్స్ తెరవండి. పట్టికలో ఎడమ, కుడి రెండు వరసలకూ మీడియాలోని ఎడమ చానెల్‌నే టిక్ చేయండి. కింది ట్రాక్‌లోని ముక్కలకు రెండు వరసల్లోనూ కుడి చానెల్ టిక్ చేయండి. అంతే, పైన యాంకర్ ఒక్కడే, కింద సరంగు ఒక్కడే.

ఇదే పని ఎఫెక్టులతో కూడా అవుతుంది. ఫిల్ రైట్ విత్ లెఫ్ట్ అనే ఆడియో ఎఫెక్ట్ ఎడమ చానెల్‌ను కుడికి కాపీ చేసి, కుడిలో ఉన్నదాన్ని చెరిపేస్తుంది. ఫిల్ లెఫ్ట్ విత్ రైట్ దానికి తిరగేసినది. పేర్లు తికమక పెడతాయి కాబట్టి పెట్టాక ఒకసారి వినాల్సిందే. ఒకటి రెండు ముక్కలకైతే ఎఫెక్ట్ తేలిక, గంట ఇంటర్వ్యూకైతే చానెల్ మ్యాపింగే నయం.

ఎప్పుడూ రెండు మైకులతోనే షూట్ చేసేవాళ్లయితే ప్రిఫరెన్సెస్‌లో టైమ్‌లైన్ విభాగానికి వెళ్లండి. డిఫాల్ట్ ఆడియో ట్రాక్స్ కింద స్టీరియో మీడియా ఎదురుగా యూజ్ ఫైల్ ఉన్నచోట మోనో పెట్టుకోండి. ఆ తర్వాత ఇంపోర్ట్ చేసిన స్టీరియో క్లిప్పులన్నీ విడిపోయే వస్తాయి. చిక్కల్లా, నేపథ్య సంగీతం కూడా అలాగే రెండు ముక్కలై వస్తుంది. నాకైతే ఈ సెట్టింగ్ ముట్టుకోకుండా, అవసరమైన క్లిప్పులు మాత్రం మార్చుకోవడమే బాగుంటుందనిపిస్తుంది.

డావిన్చీ రిజాల్వ్‌లో

ఉచిత వెర్షన్ సరిపోతుంది. మీడియా పూల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి క్లిప్ యాట్రిబ్యూట్స్, అందులో ఆడియో ట్యాబ్. ఫార్మాట్ దగ్గర స్టీరియో బదులు మోనో ఎంచుకుని, సోర్స్ చానెల్‌గా ఎంబెడెడ్ చానెల్ 1 (ఎడమది) ఉంచండి. యాడ్ నొక్కి ఇంకో ట్రాక్ కలిపి, దానికీ మోనో పెట్టి, ఎంబెడెడ్ చానెల్ 2 (కుడిది) ఇవ్వండి. ఓకే చేసి టైమ్‌లైన్ మీదికి లాగండి.

రిజాల్వ్‌లో చాలామందిని ఇబ్బంది పెట్టేది ట్రాక్ రకం. విడదీసిన మోనో క్లిప్ తీసుకెళ్లి స్టీరియో ట్రాక్ మీద వేస్తే గొంతు మళ్లీ ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. విడదీయడం కుదరలేదని మళ్లీ మొదటికి వెళ్లేవాళ్లున్నారు. క్లిప్‌లో తప్పేమీ లేదు. ట్రాక్ పేరు ఉన్నచోట రైట్ క్లిక్ చేసి, చేంజ్ ట్రాక్ టైప్ టు అన్నదాంట్లో మోనో ఎంచుకోండి.

క్లిప్ ఇప్పటికే టైమ్‌లైన్ మీద ఉంటే, అక్కడే దాని క్లిప్ యాట్రిబ్యూట్స్ తెరిచి స్టీరియో ఫార్మాట్‌లోనే రెండు వైపులా ఎంబెడెడ్ చానెల్ 1 పెట్టండి. కాపీ చేసిన ముక్కకు రెండు వైపులా 2 పెట్టండి. ప్రీమియర్‌లో చెప్పిన కిటుకే.

ఫైనల్ కట్, ఉచిత సాఫ్ట్‌వేర్లు

ఫైనల్ కట్ ప్రోలో పని చాలా చిన్నది. క్లిప్ ఎంచుకుని ఇన్‌స్పెక్టర్‌లో ఆడియో ట్యాబ్‌కి వెళ్తే అడుగున ఆడియో కాన్ఫిగరేషన్ ఉంటుంది. స్టీరియో అని ఉన్నచోట డ్యూయల్ మోనో ఎంచుకుంటే రెండు చానెళ్లు విడిగా, టిక్ పెట్టే గడులతో కనిపిస్తాయి. టైమ్‌లైన్ మీద విడివిడిగా కావాలంటే క్లిప్ మెనూలో ఎక్స్‌పాండ్ ఆడియో కాంపొనెంట్స్.

షాట్‌కట్ వాడేవాళ్లు వీడియో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి డిటాచ్ ఆడియో నొక్కాలి. వచ్చిన ఆడియోను ఇంకో ట్రాక్‌లో అదే చోట కాపీ చేసి, రెండింటికీ కాపీ చానెల్ ఫిల్టర్ పెట్టండి. ఒకదానికి ఎడమ నుంచి కుడికి, రెండోదానికి కుడి నుంచి ఎడమకి. కెడెన్‌లైవ్‌లోనూ ఇలాంటి ఎఫెక్టే ఉంది. అసలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మోనోగా విడదీసే మెనూ కనిపించకపోతే ఈ దారి వెతకండి: రెండు కాపీలు, ఒక్కోదాంట్లో ఒక్కో చానెల్.

మీ ఎడిటింగ్ యాప్‌లో ఏ దారీ లేదంటే ఆడాసిటీ. వీడియో ఫైల్‌ను అందులో తెరవాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ అనే అదనపు సాఫ్ట్‌వేర్ కావాల్సి రావచ్చు. ట్రాక్ పేరు పక్కన ఉన్న మెనూలో స్ప్లిట్ స్టీరియో టు మోనో నొక్కితే రెండు ట్రాకులవుతాయి. ఒక్కోటి 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఎడిటింగ్‌లో వీడియో మొదలుతో సరిగ్గా కలిపి వేయండి. ముందర ఏమీ కత్తిరించకుండా మొత్తం ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేస్తేనే లిప్ సింక్ నిలుస్తుంది. ఫోన్‌తో తీసిన వీడియో అయితే చివరి నిమిషాల్లో సింక్ జారిందేమో కూడా చూడండి. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటు మారుస్తూ రికార్డ్ చేస్తాయి కాబట్టి మొదట్లో కుదిరి చివర్లో జారడం మామూలే.

విడదీశాక అసలు పని

ట్రాకులు రెండయ్యాయి. ప్లే చేస్తే గొంతులు గొట్టంలోంచి మాట్లాడినట్టు ఉన్నాయి. ఎందుకంటే యాంకర్ మాట అతని మైక్‌లోనే కాదు, పక్కనున్న సరంగు మైక్‌లోనూ పడుతుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఇద్దరి మధ్య ఒక మీటరు దూరముంటే యాంకర్ గొంతు రెండో మైక్‌కి దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఒకే మాట రెండుసార్లు, అంత చిన్న తేడాతో కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు డొల్లబారేది అందుకే. విడదీసే ముందు ఈ తేడా తెలియదు, ఎందుకంటే ఒక్కో చెవికి ఒక్కో మైకే వినిపించింది.

మందు ఒకటే. ఎవరు మాట్లాడుతున్నారో వాళ్ల ట్రాక్ నిండుగా, వినేవాళ్ల ట్రాక్ తగ్గించి. మాట మారిన ప్రతిచోటా రెండు ఆడియోలనూ కలిపే కత్తిరించండి, వీడియోతో లింక్ తీయకండి. తర్వాత వినేవాళ్ల ముక్క 12 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించండి. పూర్తిగా మ్యూట్ చేస్తే ఇంకో సమస్య. హార్బర్‌లో అలల చప్పుడు, ఐసు బండ్లు, కాకుల గోల ఎప్పుడూ వెనక ఉంటాయి కదా. ఒక మైక్ మూసినప్పుడల్లా ఆ నేపథ్యం ఒక్కసారిగా సన్నబడి, తెరిచినప్పుడు మళ్లీ లావెక్కుతుంది. మాట కన్నా ఆ ఎగుడుదిగుడే చెవికి తగులుతుంది. ప్రతి కోత దగ్గరా ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరిగేలా రెండు మూడు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ పెడితే ఇంకా సాఫీగా ఉంటుంది.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట, నవ్వుకున్న చోట మాత్రం రెండు ట్రాకులూ తెరిచే ఉంచండి. “ఏటి బాబూ, రెండు నెల్లు ఏటి తింతాం” అని సరంగు అనగానే యాంకర్ నోట్లోంచి వచ్చిన ఆ చిన్న ఊఁ కూడా ఇంటర్వ్యూలో భాగమే. శుభ్రం పేరుతో దాన్ని తీసేస్తే సరంగు గోడతో మాట్లాడినట్టుంటుంది.

ఒక్కో గొంతుకు మందు వేరు. ఆర్కే బీచ్‌లో, కుర్‌సురా సబ్‌మెరైన్ మ్యూజియం ముందు, తెన్నేటి పార్క్‌లో, ఎక్కడ తీసినా సముద్రం గాలి ఎటునుంచి వీస్తే అటువైపు కూర్చున్నవాళ్ల మైక్‌కే ఎక్కువ దెబ్బ. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసే హై పాస్ ఫిల్టర్ ఆ ట్రాక్‌కి పెట్టండి. నాయిస్ రిడక్షన్ కావాలంటే అదీ ఆ ట్రాక్‌కే. బాగున్న గొంతుకు అనవసరంగా మందు పోయడం ఎందుకు?

వచ్చేసారి షూటింగ్‌లో గుర్తుంచుకోదగ్గ లెక్క ఒకటుంది. మైక్‌కీ నోటికీ ఎంత దూరముందో, మైకుల మధ్య దానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. కాలర్ మైక్ నోటికి 20 సెంటీమీటర్లలో ఉంటే ఇద్దరి మైకులూ కనీసం 60 సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. ఫ్రేమ్ బాగుంటుందని ఇద్దర్నీ భుజాలు ఆనించి కూర్చోబెడితే ఎడిటింగ్‌లో తిప్పలు తప్పవు.

ఫోన్‌లో మాయమయ్యే మంత్రాలు

పెళ్లి వీడియోలు చేసేవాళ్లకు తగిలే వింత ఇది. గాజువాకలోనో మధురవాడలోనో ఫంక్షన్ హాల్ మిక్సర్ నుంచి కెమెరాకి నేరుగా లైన్ తీసుకున్నారు. ఇయర్‌ఫోన్స్‌లో పంతులుగారి మంత్రాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. అదే వీడియో పెళ్లివారు ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో చూస్తే పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు లేదు.

దోషం వైరుది. మిక్సర్‌లోని మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్‌లో ఒకే ధ్వని రెండు పిన్నుల మీద ఒకదానికొకటి తిరగబడి వస్తుంది. ఆ రెండింటినీ కెమెరా స్టీరియో జాక్‌లో ఎడమకొకటి, కుడికొకటి కలిపే వైరు వాడితే రెండు చానెళ్లూ వ్యతిరేక ఫేజ్‌లో రికార్డవుతాయి. ఫోన్ వాటిని కలిపి మోనో చేయగానే ఒకటి ఇంకోదాన్ని చంపేస్తుంది. గుర్తుపట్టడం తేలిక: వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూస్తే ఒకటి పైకి వెళ్లినచోట రెండోది కిందికి వెళ్తుంది. ఇక్కడ రెండు మోనోలుగా విడదీసి, ఏదో ఒకటి ఉంచుకుని రెండోది తీసేయండి. సన్నాయి మేళం, వేదమంత్రాలు అన్నీ తిరిగొస్తాయి. రెండు ట్రాకులూ ఉంచుకుని వాల్యూమ్ పెంచితే మాత్రం మళ్లీ మౌనమే.

విడదీయకూడనివి

రుషికొండలో అలల చప్పుడు స్టీరియో రికార్డర్‌తో తీశారనుకోండి. అల ఎడమ నుంచి కుడికి విరుగుతున్నట్టు వినిపించడానికి కారణం ఆ రెండు చానెళ్ల మధ్య తేడానే. దాన్ని రెండు మోనోలు చేసి మధ్యలో పెడితే అంతా ఒక ముద్ద అవుతుంది. కళాభారతిలో కచేరీ స్టీరియో రికార్డింగ్ అయినా, నేపథ్య సంగీతమైనా అంతే. గొంతులు విడదీయండి, వాతావరణం అలాగే ఉంచండి. హార్బర్‌లో ఇంటర్వ్యూ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఒక అర నిమిషం చుట్టుపక్కల శబ్దం స్టీరియోలో పట్టుకుంటే, తగ్గించిన ట్రాకుల కింద దాన్ని సన్నగా పరచొచ్చు. కోతల దగ్గర ఎగుడుదిగుడులు చాలావరకు అందులో దాక్కుంటాయి.

ఎక్స్‌పోర్ట్

ట్రాకులు మోనో అయినంత మాత్రాన ఎక్స్‌పోర్ట్ మోనో చేయక్కర్లేదు. స్టీరియో, 48 కిలోహెర్ట్జ్, ఏఏసీ ఆడియో ఫార్మాట్. గొంతులు రెండు వైపులా సమానంగా ఉంటాయి, సంగీతం, అలలు తమ వెడల్పు కోల్పోవు. పూర్తయ్యాక ఒక చెవి ఇయర్‌ఫోన్ తీసి వినండి, తర్వాత రెండోది. ఏ చెవిలోనూ ఎవరూ మాయం కాకూడదు. ఆపైన ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో, ఫేజ్ సంగతి అక్కడే బయటపడుతుంది.

ఫైల్ ఏదైనా న్యూస్ చానెల్‌కి పంపేదైతే ఈ లెక్క మారొచ్చు. మాట ఒక చానెల్‌లో, నేపథ్యం ఇంకో చానెల్‌లో విడిగా అడిగేవాళ్లుంటారు. అప్పుడు గొంతులున్న ట్రాకులన్నీ పూర్తిగా ఎడమకి, మిగతావి పూర్తిగా కుడికి పాన్ చేసి పంపాలి. ఏది ఎటో డెస్క్‌వాళ్లను ముందే అడిగి, ఫైల్ పేరులోనే రాసి పెట్టండి.